లక్షల జీతం చూపి నోరు మూయించలేరు

2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. ఒక్క 5వ తేదీనే వెయ్యికి పైగా ఎగరలేదు. శంషాబాద్‌లో మాల వేసుకుని వచ్చిన అయ్యప్ప భక్తులు విమానం కదలక నిరసనకు దిగారు. పెళ్లికి చేరాల్సినవాళ్లు, ఆసుపత్రికి చేరాల్సినవాళ్లు, ఇంటర్వ్యూకి చేరాల్సినవాళ్లు సామాన్లు పక్కన పెట్టుకుని నేల మీదే రాత్రి గడిపారు. ఆ రోజుల్లో టీవీ చర్చల్లోనూ, ఆఫీసు క్యాంటీన్లలోనూ, కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే మాట తిరిగింది. నెలకు లక్షలు తీసుకునే పైలట్లకు ఇంకా విశ్రాంతి కావాలా, ఇంకా యూనియన్లు కావాలా, వాళ్ల సుఖం కోసం మనం నరకం చూడాలా అని.

ఆ మాట తప్పు. ఆ వారానికే కాదు, గత పదిహేనేళ్లుగా మన దేశంలో పైలట్లు నోరు తెరిచిన ప్రతిసారీ ఇదే మాటతో మూయిస్తున్నారు కాబట్టి దాన్ని విప్పి చూడాల్సిన అవసరం ఉంది.

ముందు ఆ డిసెంబరు సంగతే చూద్దాం. రద్దులకు సాకుగా చూపిన పైలట్ల కొత్త విశ్రాంతి నిబంధనలు రాత్రికి రాత్రి ఊడిపడలేదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వాటిని 2024 జనవరి 8న ప్రకటించింది. వారానికి ఒకసారి ఇచ్చే నిరంతర విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. రాత్రి అంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5 దాకా అని ఉన్నదాన్ని 6 దాకా పొడిగించింది. రాత్రి డ్యూటీలో ఆరు ల్యాండింగుల దాకా చేయించుకునే వీలుంటే దాన్ని రెండుకు కుదించింది. ఇవి 2024 జూన్ 1 నుంచి అమలు కావాలి. విమాన సంస్థలు మావల్ల కాదన్నాయి, మార్చి నెలాఖరులో డీజీసీఏ వాటిని పక్కన పెట్టింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పోరాడితే తప్ప అవి మళ్లీ బయటికి రాలేదు. చివరికి 2025 జులై 1న కొన్ని, నవంబరు 1న మిగిలినవి అన్నట్టుగా రెండు విడతల్లో అమల్లోకి వచ్చాయి. ప్రకటించిన నాటి నుంచి లెక్కేస్తే దాదాపు 22 నెలలు.

ఈ 22 నెలల్లో చేయాల్సిన పని ఒకటే. ఎంతమంది పైలట్లు అదనంగా కావాలో లెక్కగట్టి, వాళ్లను తీసుకుని, శిక్షణ ఇచ్చి సిద్ధంగా ఉంచుకోవడం. సహ పైలట్‌గా ఉండే ఫస్ట్ ఆఫీసర్‌ను కెప్టెన్ బాధ్యత మోసే కమాండర్ చేయడానికి నెలలు పడుతుంది, అది ఆ రంగంలో అందరికీ తెలిసిందే. దేశీయ ప్రయాణికుల్లో దాదాపు మూడింట రెండు వంతులను మోసే సంస్థ ఆ పని చేయలేదు. అంచనా తప్పిందనీ, ప్రణాళికలో లోపాలున్నాయనీ ఆ సంస్థే తర్వాత ఒప్పుకుంది. అంటే ఆ వారం మనల్ని నేల మీద కూర్చోబెట్టింది పైలట్ నిద్ర కాదు. ఆ నిద్రకు చోటివ్వకుండా వేసిన రోస్టర్. అప్పుడు ప్రభుత్వం చేసిందేమిటి? రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. తప్పు యాజమాన్యానిది, దాన్ని సరిదిద్దిన ఖర్చు పైలట్ నిద్రలోంచి తీశారు. తర్వాత 22.20 కోట్ల రూపాయల జరిమానా వేశారు. 2024-25లో ఆ సంస్థ నికర లాభం సుమారు 7,258 కోట్లు, అంటే రోజుకు దాదాపు 20 కోట్లు. జరిమానా ఒక రోజు లాభం కన్నా కాస్త ఎక్కువ.

ఇక లక్షల సంగతి. అవును, మన దేశంలో కమాండర్‌కి నెలకు అనేక లక్షలు వస్తాయి. పెద్ద విమానాలు నడిపేవాళ్లకు ఇంకా ఎక్కువ. వాళ్లు పేదవాళ్లని వాదించడానికి నేను కూర్చోలేదు. ఆ స్థాయికి చేరేదాకా ఎంత అవుతుందో మాత్రం ఒక మాట చెప్పుకోవాలి. కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన 200 గంటలు ఎగరడానికే అర కోటికి అటూ ఇటూ అవుతుంది. ఆపైన ఒక్కో రకం విమానానికి వేరుగా టైప్ రేటింగ్, దానికి మళ్లీ లక్షలు. మన జిల్లాల్లో ప్లాటు అమ్మి, పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని ఆ చదువుకు పంపిన ఇళ్లున్నాయి. లైసెన్సు చేతికొచ్చాక కూడా ఏళ్ల తరబడి ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నవాళ్లున్నారు. ఉద్యోగం దొరికాక కూడా ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో పరీక్ష, క్రమం తప్పని వైద్య పరీక్షలు. గుండెలోనో కంటిలోనో చెవిలోనో చిన్న తేడా వస్తే ఆ రోజుతో ఎగరడం ఆగిపోవచ్చు. మిగతా చాలా ఉద్యోగాల్లో ఆ తేడాకు ఒక మాత్ర వేసుకుని పనికి వెళ్తారు.

అయినా నా వాదన దీని మీద నిలబడదు. జీతం ఎంత అన్నది ఒక ప్రశ్న, ఆ జీతం దేనికి ముడిపడి ఉంది అన్నది వేరే ప్రశ్న. ప్రయాణికుడికి ప్రాణంతో సమానమైనది రెండోదే. దాని గురించి మాత్రం ఎవరూ అడగరు.

పైలట్ జీతంలో రెండు భాగాలుంటాయి. నెలకు ఇన్ని గంటలు ఎగిరినా ఎగరకపోయినా వచ్చే గ్యారంటీ మొత్తం ఒకటి. ఆ గంటలు దాటాక ఎగిరిన ప్రతి గంటకూ వచ్చే భత్యం ఇంకొకటి. ఆ గంటల లెక్క విమానం పార్కింగ్ బే నుంచి కదిలినప్పుడు మొదలై, గమ్యంలో బేలోకి వచ్చి ఆగినప్పుడు ముగుస్తుంది. అంతకు గంట ముందే వచ్చి వాతావరణం చూసుకోవడం, ఇంధనం ఎంత వేసుకోవాలో నిర్ణయించడం, పొగమంచు విడిచేదాకా గంటలకొద్దీ ఎదురుచూడటం ఆ లెక్కలోకి రావు. అందుకే "ఏడాదికి వెయ్యి గంటలేగా పని, మేం రెండు వేల గంటలు చేస్తున్నాం" అనే వాదన చెల్లదు. వారానికి 35 గంటలు, 28 రోజులకు 100, ఏడాదికి 1000 గంటలు అన్న పరిమితులు ఇలా బే నుంచి బే దాకా లెక్కించే సమయానివి. ఇంటి నుంచి బయలుదేరి మళ్లీ మంచం చేరేదాకా గడిచే సమయం దానికంటే చాలా ఎక్కువ. అందులో కొంత భాగం తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య, ఒంట్లో ప్రతి అవయవమూ పడుకోమని చెప్పే వేళలో పడుతుంది.

ఇప్పుడు గ్యారంటీ గంటల సంగతి చూడండి. టాటాల చేతికి వచ్చాక ఎయిరిండియా 2023 ఏప్రిల్‌లో పైలట్లకు కొత్త ఒప్పందం ఇచ్చింది. గ్యారంటీని నెలకు 70 గంటల నుంచి 40కి దించింది. ఒప్పందాన్ని సంఘాలతో కూర్చుని బేరమాడి తేల్చలేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా పంపి, గడువు పెట్టి సంతకం చేయమంది. 1500 మందికి పైగా పైలట్లు రతన్ టాటాకే విన్నపం రాసి సంతకాలు పెట్టారు. అదే కొలతను ఎయిరిండియాలో విలీనం పేరుతో 2024లో టాటాల మరో విమాన సంస్థ విస్తారాకు తెచ్చారు. ఆ ఏప్రిల్‌లో విస్తారా విమానాలు వరసగా రద్దయ్యాయి, సంస్థ రోజుకు 25 నుంచి 30 విమానాలు తగ్గించుకోవాల్సి వచ్చింది. అప్పుడు కూడా దేశం పైలట్లనే తిట్టింది.

ఎక్కువ ఎగిరితే ఎక్కువ వస్తుంది కదా, కష్టపడేవాడికి నష్టమేమిటి అని ఈ మార్పును సమర్థించారు. ఈ సమర్థన వినడానికి న్యాయంగా ఉంటుంది. నాకు మాత్రం ఇందులోనే అసలు ప్రమాదం కనిపిస్తుంది. 70 గంటలు గ్యారంటీగా ఉన్న ఫస్ట్ ఆఫీసర్ ఒక రోజు ఒంట్లో బాగోలేక "ఇవాళ నావల్ల కాదు" అంటే అతని నెల జీతం పెద్దగా చెదరదు. గ్యారంటీ 40కి పడిపోయాక ఆ మాటకూ ధర ఉంటుంది, ఆ ధర అతని జేబులోంచి పోతుంది. ఇంటి వాయిదా, చదువు అప్పు, పిల్లల ఫీజు నెలనెలా అంతే ఉంటాయి. వాటి మధ్య నిలబడిన మనిషి జలుబుతోనో, మూడు గంటల నిద్రతోనో, ఇంట్లో జరిగిన గొడవ బరువుతోనో వచ్చి సీట్లో కూర్చుంటాడు. ఎవరూ అతన్ని బలవంతం చేయలేదు, జీతం కట్టిన తీరే బలవంతం చేసింది. తన వెనక 180 మందిని కూర్చోబెట్టుకున్న మనిషికి నిద్రకూ వాయిదాకూ మధ్య ఎంచుకోమని చెప్పే ఒప్పందం ఏ కోణంలో చూసినా అతని సొంత విషయం కాదు. ఆ 180 మందిలో మనం ఉన్నాం.

నిద్ర సంగతి ఊహ కాదు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. విచారణలో తేలిందేమిటంటే, కెప్టెన్ ప్రయాణంలో గంటన్నరకు పైగా నిద్రపోయాడు, లేచాక ఆ మత్తు పూర్తిగా వదలక ముందే దిగే పనిలో పడ్డాడు. విమానం సరైన ఎత్తులో లేదు, దిగొద్దు, మళ్లీ పైకి లేపు అని పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్ ఒకటికి రెండుసార్లు హెచ్చరించినా దించేశాడు. ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం, ఆ కెప్టెన్ కొద్ది రోజుల క్రితమే సెలవు నుంచి తిరిగొచ్చాడు. అతని డ్యూటీ గంటలు నిబంధనలు దాటలేదు. కాగితం మీద అతను విశ్రాంతి తీసుకున్న మనిషే. తెల్లవారుజాము విమానం విశ్రాంతి తీసుకున్న మనిషిని కూడా అలా చేస్తుంది. అలాంటి రాత్రులు వరసగా రెండు, మూడు వేస్తే ఏమవుతుందో ఆలోచించడానికి నిపుణులు అక్కర్లేదు. విమాన భద్రత మీద పనిచేసే సేఫ్టీ మ్యాటర్స్ ఫౌండేషన్ 542 మంది భారతీయ పైలట్లను అడిగితే 66 శాతం మంది కాక్‌పిట్‌లో తమకు కునుకు పట్టిందని చెప్పారు.

తక్కువ జీతం ఎక్కడికి తీసుకెళ్తుందో అమెరికా ఒకసారి చూసింది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. అందులోని ఫస్ట్ ఆఫీసర్‌కి అంతకుముందు ఏడాది వచ్చిన జీతం సుమారు 16 వేల డాలర్లే. ఆ జీతంతో తాను పనిచేసే నెవార్క్ దగ్గర ఇల్లు తీసుకునే స్థోమత లేక దేశానికి ఆ చివరనున్న సియాటిల్ ప్రాంతంలో తల్లిదండ్రుల దగ్గర ఉండేది. ఆ రోజు డ్యూటీ కోసం రాత్రంతా సరుకు విమానాల్లో ప్రయాణించి వచ్చింది. జలుబు చేసి ఉంది కూడా. ప్రమాదానికి కారణాలు అనేకం. ఆమె జీతమే కూల్చిందని నేను అనను. కానీ ఆ విచారణ తర్వాతే అమెరికాలో జీతం, నిద్ర, భద్రత అనే మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టి మాట్లాడటం మొదలైంది. కొత్త అలసట నిబంధనలు, ఫస్ట్ ఆఫీసర్‌కు 1500 గంటల అనుభవం అన్న షరతు అక్కడి నుంచే వచ్చాయి. ఆ ప్రమాదానికి నెల రోజుల ముందు హడ్సన్ నదిలో విమానాన్ని దించి 155 మందినీ బతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు నిలబడినప్పుడు తన గొప్పతనం గురించి చెప్పుకోలేదు. తన జీతంలో 40 శాతం కోసేశారనీ, పింఛను పోయిందనీ, ఇలాగే సాగితే తెలివైన పిల్లలెవరూ ఈ వృత్తిలోకి రారనీ చెప్పాడు.

"అంత కష్టంగా ఉంటే మానేయొచ్చు కదా" అన్నది ఇంకో మాట. మార్కెట్ ఉంది, నచ్చకపోతే ఇంకో సంస్థకు వెళ్లొచ్చు అంటారు. వెళ్లలేరు. మన దేశంలో రాజీనామా చేసిన కమాండర్ ఏడాది పాటు అక్కడే పనిచేయాలి, ఫస్ట్ ఆఫీసర్ ఆరు నెలలు. సంస్థ నిరభ్యంతర పత్రం ఇస్తే తప్ప ముందు వెళ్లే దారి లేదు. ఇది రెండు పక్షాలూ ఇష్టపడి రాసుకున్న షరతు కూడా కాదు. డీజీసీఏ 2017 ఆగస్టులో నిబంధనగా విధించింది. అంతకు ముందు అందరికీ ఆరు నెలలే ఉండేది. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అడగండి, మూడు నెలల నోటీసు పీరియడ్ ఎంత గొంతు మీద కూర్చుంటుందో చెప్తాడు. కొత్త కంపెనీ ఎదురుచూడదు, పాత కంపెనీ వదలదు, మధ్యలో ఆఫరు జారిపోతుంది. దాన్ని నాలుగింతలు చేసి, కంపెనీ నియమంగా కాక ప్రభుత్వ నిబంధనగా పెడితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే పైలట్ పరిస్థితి తెలుస్తుంది. ఇది చాలక, మన పైలట్లను విదేశీ సంస్థలు లాక్కుపోతున్నాయని, దానికి ఒక ప్రవర్తనా నియమావళి కావాలని భారత ప్రభుత్వం 2025లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ముందు పత్రం పెట్టింది. మన ఇంజనీర్లు, నర్సులు, డాక్టర్లు విదేశాలకు వెళ్తే గర్వపడే దేశం ఇది. పైలట్ వెళ్లాలనుకున్నప్పుడు మాత్రం తలుపు గడియ పెడతాం. తలుపు గడియ పెట్టి మార్కెట్ గురించి చెప్పడం న్యాయం కాదు.

సంస్థ వైపు చూస్తే ఆ గడియ ఎక్కడా కనిపించదు. 2012లో కింగ్‌ఫిషర్ నెలల తరబడి జీతాలు ఇవ్వకుండానే నడిచి అక్టోబరులో ఆగిపోయింది. 2019లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు జనవరి నుంచి జీతం లేకుండా విమానాలు నడిపారు. ఏప్రిల్ 17న సంస్థ మూతపడింది. ఐదేళ్ల తర్వాత సుప్రీంకోర్టు దాన్ని అమ్మి అప్పులు తీర్చమంది. జీతం ఇవ్వకుండా విమానం ఎగిరించుకోవడానికి ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలో ఏ నిబంధనా చెప్పలేదు. కొవిడ్ కాలంలో విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్లను వందే భారత్ విమానాల్లో తీసుకొచ్చిన ఎయిరిండియా పైలట్లకు అదే వేసవిలో భత్యాలు కోసేశారు. ఆ విమానాల్లో ఒకటి 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో కూలినప్పుడు చనిపోయిన 21 మందిలో పైలట్లిద్దరూ ఉన్నారు.

"సమ్మెతో ప్రజలను బందీలుగా పట్టుకుంటారు" అన్న ఆరోపణకు ఇప్పుడు వద్దాం, ఎందుకంటే యూనియన్ మీద జనానికి ఉన్న కోపమంతా దీని చుట్టూనే ఉంటుంది. విమాన రవాణా 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ప్రజోపయోగ సేవగా ఉండేది. నోటీసు లేకుండా సమ్మె చేస్తే అక్రమం, రాజీ చర్చలు నడుస్తుండగా చేసినా అక్రమం. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒకే రోజు సగం మంది లేదా అంతకు మించి కలిసి క్యాజువల్ సెలవు పెడితే అదీ సమ్మే. 2009లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఘం పెట్టుకున్నందుకు ఇద్దరిని తీసేస్తే మిగిలినవాళ్లు మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టి వాళ్లను వెనక్కి తెచ్చుకున్నారు. అలాంటి దారి కూడా ఇప్పుడు ఇరుకైంది. ఇక ఎయిరిండియా 2023 ఒప్పందంలో ఇంకో ఏర్పాటుంది. నాలుగేళ్లు కమాండర్‌గా చేసినవాళ్లను సీనియర్ కమాండర్లని పిలిచి మేనేజ్‌మెంట్ వర్గంలో చేరుస్తారు. హోదాలా కనిపిస్తుంది, ఫలితం మాత్రం అనుభవం ఉన్నవాళ్లు, భయపడకుండా మాట్లాడగలిగినవాళ్లు సంఘం నుంచి బయటికి పోవడం. మిగిలేది అప్పుల్లో ఉన్న ఇరవై ఆరేళ్ల ఫస్ట్ ఆఫీసర్.

సంఘాలన్నీ ఎప్పుడూ సరిగ్గా నడిచాయని నేను అనను. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు ఎయిరిండియా పైలట్లతో సమాన జీతం కోసం పది రోజులు చేసిన సమ్మెలో న్యాయం ఉంది. రెండు సంస్థలను 2007లో కలిపి, ఒకే పనికి రెండు జీతాలు నాలుగేళ్లు నడిపింది యాజమాన్యం. వాళ్లు జీతంతో పాటు సంస్థలో జరిగిన అవకతవకల మీద సీబీఐ విచారణ కూడా అడిగారు. ఆ మరుసటి ఏడాది పాత ఎయిరిండియా పైలట్ల గిల్డ్ చేసిన 58 రోజుల సమ్మె వేరు. కొత్తగా వచ్చే డ్రీమ్‌లైనర్ మీద శిక్షణ తమకే కావాలి, అవతలి పక్షం పైలట్లకు వద్దు అన్నదే దాని మూలం. తోటి పైలట్ ఎదుగుదలను అడ్డుకోవడానికి చేసిన సమ్మెను నేను సమర్థించలేను. దానివల్ల పోయింది వాళ్లలో కొందరి ఉద్యోగాలు మాత్రమే కాదు, పైలట్ల సంఘం అనగానే జనానికి కలిగే కనీస సానుభూతి కూడా. కానీ దీన్నుంచి తీయాల్సిన పాఠం సంఘాలే వద్దని కాదు. సంస్థకో సంఘం, విమానం రకానికో సంఘం అని చీలిపోయి, గుర్తింపు లేక, బేరానికి కూర్చునే బల్ల లేక, ఉన్న ఒక్క ఆయుధాన్నీ చివరి క్షణంలో వాడాల్సి వచ్చే పరిస్థితి అలాంటి సమ్మెలను పుట్టిస్తుంది.

బల్ల ఉన్నచోట ఏం జరుగుతుందో చూడండి. అమెరికాలో రైల్వే లేబర్ యాక్ట్ 1936 నుంచి విమాన సంస్థలకూ వర్తిస్తోంది. ఆ చట్టం కింద ఒప్పందం ఓ తేదీకి చెల్లిపోదు. సవరణకు వచ్చినట్టు లెక్క, కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. జాతీయ మధ్యవర్తిత్వ మండలి చర్చల నుంచి వదిలిపెడితే తప్ప సమ్మె చేయలేరు. యాజమాన్యం కూడా ఇష్టం వచ్చినట్టు జీతం మార్చలేదు. పైలట్లకు సమ్మె హక్కు ఉంది, సంఘానికి గుర్తింపు ఉంది. 2022లో డెల్టా విమాన సంస్థ పైలట్లు సమ్మెకు అనుమతిస్తూ 99 శాతం ఓటేశారు. సమ్మె జరగలేదు. 2023 మార్చిలో నాలుగేళ్లలో 34 శాతం పెంపుతో ఒప్పందం కుదిరింది. అమెరికన్, యునైటెడ్, సౌత్‌వెస్ట్ ఆ దారిలోనే నడిచాయి. 2010లో స్పిరిట్ పైలట్ల సమ్మె ఐదు రోజులు నడిచింది. ఆ తర్వాత అక్కడి పెద్ద ప్రయాణికుల సంస్థల్లో పైలట్ల సమ్మెతో ఏదీ ఆగలేదు. యూనియన్ బలంగా ఉన్న దేశంలో విమానాలు ఎగురుతున్నాయి. యూనియన్‌ను లేనట్టే చూసే దేశంలో ఒక వారం మొత్తం విమాన ప్రయాణమే కుప్పకూలింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కూడా ప్రయాణికుడికి సంఘమే శత్రువని ఎలా అంటాం?

జీతాలు పెంచితే టికెట్ల ధరలు పెరుగుతాయి అన్నది చివరి వాదన. పెరగొచ్చు, కొంత. విమాన సంస్థ ఖర్చులో ఇంధనమే మూడో వంతు దాకా ఉంటుంది. ఇండిగోలో ఉద్యోగులందరి జీతాలూ కలిపి పదో వంతుకు అటూ ఇటూ. అందులో పైలట్లది ఒక భాగం. పైలట్లు చాలక విమానాలు రద్దయినప్పుడు ధరలు ఎక్కడికి పోయాయో 2025 డిసెంబరులో అందరూ చూశారు. 500 కిలోమీటర్లలోపు 7,500, వెయ్యి లోపు 12,000, 1500 లోపు 15,000, ఆపైన 18,000 దాటకూడదని ప్రభుత్వమే డిసెంబరు 6న గీత గీయాల్సి వచ్చింది. జీతాల్లో, నియామకాల్లో మిగిల్చిన డబ్బు మన టికెట్‌లోకి తగ్గింపుగా రాలేదు. ఆ సంస్థ లాభాల్లోకి వెళ్లింది. లాభం తప్పని నేను అనను. పైలట్ నిద్రను తగ్గించి తెచ్చుకున్న లాభాన్ని ప్రయాణికుడి మేలుగా చూపించడం తప్పు అంటున్నాను.

కావాల్సినవి పెద్ద విప్లవాలేమీ కాదు. గ్యారంటీ గంటలు తిరిగి 70కి రావాలి, అలసిపోయానని చెప్పిన రోజుకు జీతం తగ్గకూడదు. ఆ రిపోర్టును అదే సంస్థలోని రోస్టర్ విభాగం కాకుండా బయటి వైద్యులు చూడాలి. విశ్రాంతి నిబంధనలకు మినహాయింపు ఇవ్వాల్సి వస్తే పైలట్ల ప్రతినిధిని పిలిచి వినకుండా ఇవ్వకూడదు. మెజారిటీ పైలట్లు ఎన్నుకున్న సంఘంతో మాత్రమే ఒప్పందం కుదరాలి, ఒక్కొక్కరికీ ఈమెయిల్ పంపి గడువు పెట్టడం ఆగాలి. వీటిలో కొన్నింటికి చట్టం మారాలి, కొన్నింటికి కోర్టులు చెప్పాలి, సంవత్సరాలు పట్టొచ్చు.

ఒకటి మాత్రం వెంటనే చేయొచ్చు. ఏడాది నోటీసు నిబంధన వచ్చిన 2017 ఆగస్టులో పౌర విమానయాన మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది పక్క జిల్లా శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. 2025 డిసెంబరులో పార్లమెంటులో ఆయన భద్రత విషయంలో రాజీ లేదన్నారు. వెళ్లిపోగలిగిన పైలట్‌కే వద్దు అనగలిగే ధైర్యం ఉంటుంది, ఆ ధైర్యం కూడా భద్రతలో భాగమే. ఆ నిబంధనను ఎత్తేయడానికి పార్లమెంటులో బిల్లు పెట్టనవసరం లేదు, ఏ కోర్టూ తీర్పు ఇవ్వనవసరం లేదు. డీజీసీఏ నుంచి ఒక్క ఉత్తర్వు చాలు.